తూర్పు గోడ పక్క పేర్లు

నిర్మలమ్మ చిన్నపిల్లల బండ చెక్కదు. జమ్మలమడుగులో మా సంఘంలో అందరికీ తెలిసిన సంగతే ఇది. పెద్దవాళ్లెవరైనా పోతే సమాధి మీద పెట్టే నాపరాయికి పైన ఒక సిలువ, కింద పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ చెక్కి ఇస్తుంది. తొంభై ఏళ్ల ముసలాయనకైనా, నలభైకే పోయిన మనిషికైనా కాదనదు. పదేళ్ల లోపు పిల్ల అని తెలిస్తే మాత్రం ఉలి కింద పెట్టేస్తుంది. "నాతో కాదప్పా. ప్రొద్దుటూర్లో లాల్ బాషా ఉండాడు, ఆయన కాడికి పోండి" అంటుంది. ఎందుకని అడిగితే లేచి లోపలికి పోతుంది.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చుంటే మనిషి పాడైపోతాడని పాస్టరుగారు ఈ పని నా మెడకు చుట్టారు. బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్లిళ్ల రిజిస్టరు, సమాధుల రిజిస్టరు నా బీరువాలోనే ఉంటాయి. ఎవరి సంగతైనా రిజిస్టరులో ఉందంటే అది నాకు తెలిసినట్టే అనుకోవడం నా జబ్బు. నిర్మలమ్మ సంగతి కూడా అలాగే తెలుసనుకున్నాను.

ఆమె భర్త యాకోబు ఊరి బయట బండలు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. అక్కడినుంచి వచ్చాక ఇంటి ముందు రేకుల పంచలో కూర్చుని బండల మీద అక్షరాలు చెక్కేవాడు. రాయి కదలకుండా అటువైపు పట్టుకునేది నిర్మలమ్మ. ఆ దుమ్ముకు అతని ఊపిరితిత్తులు పాడై, ఐదారేళ్లు దగ్గి దగ్గి 2015లో పోయాడు. అతని బండ నిర్మలమ్మే చెక్కింది. అదే ఆమె మొదటి బండ. అక్షరాలు కాస్త వంకరపోయాయి కానీ తప్పు పోలేదు. ఐదో తరగతితో ఆగిన చదువు ఆమెది. మరుసటి నెల ఇంకెవరో చెక్కమన్నారు, ఆపై ఇంకొకరు. ఇప్పుడు కొత్త ఇళ్ల గుమ్మాలకు పేర్లు కావాల్సినవాళ్లు కూడా ఆమె దగ్గరికే వస్తారు. ముస్లింల గోరీల బండలకైతే, తన దగ్గర పని ఎక్కువైనప్పుడు లాల్ బాషా ఉర్దూ అక్షరాలు రంగుతో రాసి ప్రొద్దుటూరు నుంచి ఆటోలో పంపుతాడు. ఆమె వాటిని చదవలేదు. గీత వెంట గీత పట్టుకుని చెక్కేస్తుంది. చుక్క కూడా తప్పదని లాల్ బాషా అందరికీ చెబుతాడు.

ఇంట్లో ఆమె, ఆమె అత్త సంతోషమ్మ, ఇద్దరే. సంతోషమ్మకు ఎనభై దాటాయి. ఆడపిల్లల హాస్టల్లో పాతికేళ్లు వంట చేసిన మనిషి. వందమందికి అన్నం వార్చిన చెయ్యి, వందమందిని అదిలించిన నోరు. ఇప్పుడు నోరు తగ్గింది కానీ చూపు తగ్గలేదు. అత్తాకోడళ్లు పోట్లాడుకోవడం ఎవరూ చూడలేదు, కూర్చుని కబుర్లాడుకోవడమూ చూడలేదు. అన్నం తిన్నావా, మందేసుకున్నావా, తలుపేసినావా. ఆ ఇంట్లో నడిచే మాటలు దాదాపు ఇవే.

గుళ్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ఆదివారం నిర్మలమ్మ మధ్యలో లేచి వెళ్లిపోవడం నేను గమనించాను. భర్తకున్న దగ్గే ఆమెకూ పట్టుకుంటోందేమో, గాలి కోసం బయటికెళుతోందేమో అనుకున్నాను. లెక్కల మాస్టర్ల ఊహలు అంతవరకే పోతాయి.

పోయిన ఏడాది జూన్‌లో పులివెందుల నుంచి మౌనిక అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఒక ప్రైవేటు బళ్లో చిన్న క్లాసులకు చెప్పేది. భర్త చీనీ తోటలో కాపలా. తోటలో నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్లు నిలవబెట్టే గుంత ఉంది. ఆమె ఉతికిన బట్టలు తీగ మీద ఆరేసి వెనక్కి తిరిగేసరికి మూడేళ్ల కొడుకు జోయెల్ అందులో ఉన్నాడు. ఆ పట్టా జారుడుకు పెద్దవాళ్లే ఎక్కలేరు. ఫోన్లో మాట్లాడుతూ పిల్లవాణ్ని వదిలేసిందని అత్తవారి వైపు వాళ్లు పుట్టించిన మాట ఊరంతా తిరిగింది. ఆమె కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు. మూడు నెలలపాటు ఎవరితోనూ ఏమీ చెప్పలేదట. బిడ్డ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో వచ్చినవాళ్లంతా దేవుడు పిలుచుకున్నాడు, దేవుడు పిలుచుకున్నాడు అంటుంటే లేచి లోపలికెళ్లి తలుపేసుకుందట. ఆ మాట నేనూ చాలా ఇళ్లలో అన్నాను. ఇకమీదట అనను.

బండ చెక్కించాలని ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నిర్మలమ్మ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. మౌనిక పోలేదు. రేకుల కింద చెక్కకుండా పడున్న ఒక బండ మీద కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. నిర్మలమ్మ తన పని తాను చేసుకుంది. మధ్యాహ్నం లోపలినుంచి సంగటి, పప్పు తెచ్చి ముందు పెట్టింది. మౌనిక రెండు ముద్దలు తిని అడిగింది.

"మీకెవురన్నా పోయినారా అక్కా?"

"ఒక పాప" అంది నిర్మలమ్మ.

"యాడుంది?"

నిర్మలమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "నాకు తెల్దు మ్మా. నీకు బిడ్డ యాడున్నాడో అదన్నా తెల్సు. నాకది గూడా తెల్దు" అంది.

ఇదంతా మౌనిక తర్వాత నాతో చెప్పింది. ఆ సాయంత్రమే నిర్మలమ్మ జోయెల్ బండకు సుద్దముక్క అందుకుందట. గుండ్రంగా రావాల్సిన అక్షరం రెండుసార్లు చెరిపింది. మౌనిక ఆ సుద్ద తన చేతిలోకి తీసుకుని, బళ్లో బోర్డు మీద రాసినట్టు తీరుగా తనే రాసింది. నిర్మలమ్మ చెక్కింది. ఆ వారమే ఇద్దరూ కలిసి పులివెందుల వెళ్లి ఆ బండ పెట్టించి వచ్చారు. అప్పటినుంచి మౌనిక శనివారం శనివారం జమ్మలమడుగు రావడం మొదలుపెట్టింది. ఆమె రాస్తుంది, ఈమె చెక్కుతుంది. ఆ పని చేసేటప్పుడు ఆ అమ్మాయి నోట మాటలు వచ్చేవి. ముందు అక్షరాల గురించి, తర్వాత అన్నిటి గురించి.

పులివెందుల నుంచి వచ్చిన మర్నాడు పొద్దున నిర్మలమ్మ మా ఇంటికి వచ్చింది.

"సారూ, తొంభైతొమ్మిదో సమ్మచ్చరం రిజిస్టరు చూపిస్తారా?"

చూపించాను. నాకు ముందు కార్యదర్శిగా చేసినాయన చేతిరాత. సెప్టెంబరు పద్నాలుగు. 'యాకోబు గారి పసిబిడ్డ, ఆడ, వయసు ఒక దినము.' పేరు అన్న గడిలో ఒక అడ్డగీత. ఎక్కడ పెట్టారన్న గడి మా రిజిస్టరులో లేనే లేదు.

సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. బాప్తిస్మం కాకుండా పోయిన పసిబిడ్డలకు మా సంఘంలో గంట కొట్టరు, కూడిక పెట్టరు. తెల్లవారగానే ఇంట్లో మగవాళ్లు ఇద్దరు బిడ్డను తీసుకెళ్లి, సమాధుల తోటలో తూర్పు గోడ పక్కన పెట్టేసి వస్తారు. బండ ఉండదు. ఆడవాళ్లు వెళ్లరు. ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు, ఎక్కడా రాసి లేదు. ఆపద సమయంలో పాస్టరే అక్కర్లేదు, విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చని మాత్రం రాసి ఉంది. నిర్మలమ్మ బిడ్డ పుట్టిన రోజు ఆసుపత్రిలో అది ఎవరికీ తోచలేదు. నిర్మలమ్మ పెద్ద ఆపరేషనై ఒళ్లు తెలియకుండా పడి ఉంది. బిడ్డ ఏడో నెలలో పుట్టింది. తల్లికి తెలివి వచ్చేసరికి బిడ్డ గోడ పక్కకు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఆమెకు పాలు పడ్డాయి. సంతోషమ్మ మల్లెపూలు కొనుక్కొచ్చి రొమ్ములకు వేసి గట్టిగా గుడ్డ కట్టింది. అలా కడితే పాలు ఇంకిపోతాయని మా వైపు ఆడవాళ్లు చేసే పనే అది. "పాలు ఆగిపోతే అన్నీ మర్సిపోతావులే" అందట. పాలు ఆగాయి. నిర్మలమ్మ ఆ తర్వాత తలలో మల్లెపూలు పెట్టుకోలేదు. మళ్లీ కడుపు పండలేదు. బిడ్డను ఎక్కడ పెట్టావని యాకోబును అడిగితే "గోడ పక్కన" అనేవాడు. గోడ పక్కన ఎక్కడని అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పోయేదాకా అదే వరస. అత్తను అడిగితే "నాకేం తెల్సు? ఆడోళ్లం పోతామా?" అంది. గుంత తవ్వినవాడు కూడా ఎప్పుడో పోయాడు. ఆ గోడ నూట యాభై అడుగుల పొడవుంటుంది.

"పాపకు పేరు పెట్టుకున్యా సారూ. మనసులోనే. ఎవురికీ చెప్పలే. ఆ గడిలో రాసుకుంటారా?" అంది నిర్మలమ్మ.

 పేరు ఇచ్చేది బాప్తిస్మంలో గనుక, బాప్తిస్మం కాని బిడ్డకు పేరు రాయడానికి నిబంధన ఒప్పుకోదని చెప్పాను. చెబుతున్నప్పుడే ఆ మాటలు నా చెవికే బాగా లేవు.

"అయితే ఆ గీతన్నా కొట్టేయండి. గీత నా బిడ్డ పేరు గాదు" అంది.

ఆమె వెళ్లాక చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను. గీత కొట్టలేదు. రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాను.

అక్టోబరులో కమిటీ కూర్చుంది. సమాధి కార్యక్రమాలకు వచ్చినవాళ్లు ఎండలో నిలబడలేకపోతున్నారు, ఒక షెడ్డు వేద్దామన్నారు. ఎక్కడంటే తూర్పు గోడ వెంబడి అన్నారు, అక్కడ ఖాళీ ఉంది కదా అన్నారు. చదును చేసి సిమెంటు పోస్తే సరి. ఖాళీ అన్న మాట దగ్గర నాకు నిర్మలమ్మ గుర్తొచ్చింది. నోరు మెదపలేదు. ఏడుగురం చేతులెత్తాం. నోటీసు నేనే రాశాను. 'సదరు స్థలంలో పేరు గల సమాధులు లేవు. అభ్యంతరం ఉన్నవారు పేరు, తేదీతో సహా కార్యదర్శికి తెలుపగలరు.' ఆ చివరి వాక్యం మర్యాద కోసం వేసిందే. ఆరేళ్లలో నా నోటీసు ఒక్కదానికైనా ఎవరూ బదులు చెప్పలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక చదివాను. నవంబరు రెండున సమాధుల పండుగ కాగానే పని మొదలవుతుందని కూడా చెప్పాను. ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో నిర్మలమ్మ లేచి నిలబడింది. మా గుళ్లో నోటీసుల మధ్య ఎవరూ లేవరు.

"ఆడ నా బిడ్డ ఉంది సారూ. సిమెంటు పోస్తాండారే, నేను యాడని ఎతుక్కోవాల?" అంది.

 ఆమె పక్కన కూర్చున్న సంతోషమ్మ తల ఎత్తలేదు. పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పేశారు, జనం చెప్పులు వెతుక్కున్నారు. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆమె మీద కాదు. ఎవరి మీదో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ని.

సోమవారం మధ్యాహ్నం మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ వచ్చింది. నా దగ్గరికి కాదు, వెనక గుమ్మంలోంచి వంటింట్లో మా ఆవిడ దగ్గరికి. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. మంగళవారం ఇద్దరొచ్చారు. ఒకామె రిటైరైన నర్సు, అరవై ఎనిమిదేళ్లు. ఇంకొకామె కొడుకు మా కమిటీలోనే ఉన్నాడు, షెడ్డుకు చెయ్యెత్తినవాడు. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందని అతనికి ఇప్పటికీ తెలియదట. గురువారానికి వంటింట్లో కూర్చోవడానికి పీటలు చాల్లేదు. ముందు గదిలో నేను పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం తలకెక్కలేదు. లోపలినుంచి ఏడుపులు వినిపిస్తాయేమో అనుకున్నాను. రెండుమూడుసార్లు నవ్వులు కూడా వినిపించాయి. పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు నవ్వుకునే నవ్వులే అవి.

శుక్రవారం పొద్దున మా ఆవిడ కాఫీతో పాటు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. తొమ్మిది పేర్లు, పక్కన తేదీలు. తేదీ గుర్తులేని చోట 'కోతలప్పుడు' అనో, 'పెన్నకు నీళ్లొచ్చిన ఏడు' అనో రాసి ఉంది. ఏడో పేరు మార్టిన్. తేదీ 1986 మార్చి మూడు.

ఆ తేదీ నాకు తెలుసు. మా పెద్దమ్మాయికి ముందు ఒక బిడ్డ పుట్టి రెండు రోజులున్నాడు. నేనూ మా బావమరిదీ తీసుకెళ్లి తూర్పు గోడ పక్కన పెట్టి వచ్చాం. ఆ రోజే స్కూలుకు వెళ్లి పదో తరగతికి రెండు పీరియడ్లు తీసుకున్నాను. ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. నేను మరచిపోలేదు, తలుచుకోలేదు. ఆ గోడ పక్కన సిమెంటు పోయడానికి నోటీసు రాసేటప్పుడు కూడా తలుచుకోలేదు. మనిషి ఎంతకైనా అలవాటు పడగలడని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మార్టినా?" అన్నాను.

"నువ్వడగలే, నేను చెప్పలే" అని మా ఆవిడ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

ఆ సాయంత్రం రిజిస్టర్లన్నీ దించి, అడ్డగీతలన్నీ కొట్టేసి, ఆ తొమ్మిది పేర్లు ఎర్ర సిరాతో రాశాను. నిబంధన సంగతి అడిగితే నేను జవాబు చెప్పుకుంటానని పాస్టరుగారితో అన్నాను. ఆయన మంచివాడు, అడగలేదు. కమిటీలో ఒకరిద్దరు గొణిగారు గానీ షెడ్డు పడమటి గోడ వైపుకు మారింది. సగం మందికి అక్కడ ఎండే తగులుతుంది. తగలనీ అన్నాను.

అంతమాత్రాన నిర్మలమ్మ చిక్కు తీరలేదు. పేర్లన్నీ కలిపి ఒకే బండ మీద చెక్కి గోడకు బిగించడానికి అందరూ ఒప్పుకున్నారు. ఆరడుగుల నాపరాయి తెప్పించుకుంది. మౌనిక సెలవు పెట్టి వచ్చి తొమ్మిది పేర్లూ రాసింది. నిర్మలమ్మ రోజుకు రెండు చొప్పున చెక్కింది. ఎప్పుడూ పిల్లల బండ చెక్కనన్న మనిషి తొమ్మిదిమంది పిల్లలను చెక్కింది. ఒక్కొక్క పేరు అయ్యాక ఆ తల్లి వచ్చి చూసుకుని వెళ్లేది. మా ఆవిడ వెళ్లిన రోజు నేనూ వెళ్లాను. ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కింద ఒక వరస ఖాళీగా మిగిలింది.

"నీ పాప పేరు చెప్పక్కా, రాస్తా" అంది మౌనిక.

"కడాకు రాద్దాం. ముందు యాడ పెట్టాల్నో తెలియనీ" అంది నిర్మలమ్మ. "అందురికీ గోడ అయితే సాలు. నాకు సాలదు మ్మా. ఆ పక్కన కూసోవాలని ఉంది నాకు."

మిగతా తల్లుల్లో సగం మందికి వాళ్ల మగవాళ్లు చోటు చూపించారు. నేను మా ఆవిడకు చూపించాను. మూడడుగులు అటో ఇటో, కానీ చూపించాను. నిర్మలమ్మకు చూపించే మనిషి లేడు. అక్టోబరు చివరి వారమంతా ఆమె పొద్దున్నే ఆ గోడ వెంబడి ఒంటరిగా నడవడం చాలామంది చూశారు. ఒక కొసనుంచి ఇంకో కొసకు, మళ్లీ వెనక్కి. చూసినవాళ్లు తల తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. 

నవంబరు ఒకటో తేదీ పొద్దున బండ బిగించాలి. సమాధుల తోట నిండా జనం. సున్నం కొట్టేవాళ్లు, గడ్డి పీకేవాళ్లు, పాత అక్షరాలకు రంగు దిద్దేవాళ్లు. బండను ట్రాలీలో తెచ్చారు. మేస్త్రీ ఆరిఫ్ సిమెంటు కలిపి తాపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"యాడ పెట్టాల మ్మా?" అని అడిగాడు.

నిర్మలమ్మ గోడ పొడవునా ఒకసారి చూసింది. "యాడన్నా పెట్టప్పా. నాకు తెలిసేది లేదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. అది వింటే నాకు భయమేసింది. ఇక వదిలేసుకుందన్నమాట.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. సంతోషమ్మ దిగింది. మోకాళ్ల నొప్పులకు గుడికే కష్టం మీద వచ్చే మనిషి, కర్ర పోటేసుకుంటూ సమాధుల మధ్యనుంచి నడిచి వచ్చింది. ఎవరో పట్టుకోబోతే కర్ర ఊపి వద్దంది. మా దగ్గర ఆగలేదు. గోడ వెంట ఇంకా ముందుకు వెళ్లి, గోడకు మధ్యమధ్య కట్టిన ఒక్కొక్క స్తంభాన్నీ చేత్తో తడుముతూ, ఐదో దాని దగ్గర ఆగింది. అక్కడినుంచి రెండడుగులు వేసి కర్ర నేలకు ఆనించింది.

"ఈడ నా కొడుకు ఉండాడు. యాకోబుకు ముందు పుట్టినోడు, ఇరవై దినాలు బతికినోడు. ఆ పొద్దు దూరం నుంచి చూసినా. ఈ పక్కన నీ బిడ్డ" అంది.

నిర్మలమ్మ అక్కడికి వెళ్లేసరికి మేమంతా వెనకే వెళ్లాం.

"నీకెట్ల తెల్సు అత్తా?"

"నేనే ఎత్తుకొచ్చినా. యాకోబు గేటు కాడనే కూలబడినాడు. లోపలికి కాలు పెట్టలేకపోయినాడు. వానికేం తెల్సని చెప్తాడు, నువ్వు అడిగితే? నేనే నా కొడుకు పక్కన తవ్వమన్యా. పసిది, ఒక్కతే ఎట్ల పండుకుంటాదని."

"మరి ఇన్నేండ్లు ఏల చెప్పలే?"

ముసలామె కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. "నీ బిడ్డ మాట చెప్పాలంటే నా కొడుకు మాట చెప్పాల. అప్పుడు నన్ను ఏడ్వనియ్యలే. ఎవురికీ చెప్పకుండా ఉండి ఉండి, నోట్లో ఆ మాట రాకుండా పాయె. నిన్ను గూడా ఏడ్వనియ్యలే నేను. తప్పు మ్మా. శానా తప్పు" అంది.

ఇరవై నాలుగేళ్లు తెలిసి దాచిన మనిషి. నేనైతే అరిచేవాణ్నే. ఆడవాళ్లలో కూడా ఒకరిద్దరు మూతులు బిగించారు. నిర్మలమ్మ ముఖంలోకి కోపం రావడం నేను చూశాను, అది వచ్చి అక్కడే నిలబడటమూ చూశాను. తర్వాత ఆమె నేల మీద కూలబడి, అత్త చూపించిన చోట మట్టి మీద చెయ్యి పరిచి ఏడ్చింది. ఆసుపత్రిలోనూ ఏడవలేదు, యాకోబు పోయినప్పుడూ ఇంతగా ఏడవలేదు. ఎవరూ ఆపలేదు. ఎవరూ వాక్యం చెప్పలేదు. మౌనిక పక్కన కూర్చుంది. సంతోషమ్మ కర్ర పడేసి, మోకాళ్లు వంగకపోయినా ఎలాగో కిందికి జారి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. ఆరిఫ్ సిమెంటు గట్టిపడకుండా నీళ్లు చల్లుతూ ఆగాడు.

చాలాసేపటికి నిర్మలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ కొడుకు పేరేంది అత్తా?" అని అడిగింది.

"పేరు యాడ పెట్టనిచ్చిరి. చిన్నోడా, చిన్నోడా అని పిల్చుకుంటాంటి."

"అదే రాయి మౌనికా" అంది నిర్మలమ్మ. "దాని పక్కన హెప్సిబా అని రాయి."

ఆ పేరు మేమందరం అప్పుడే విన్నాం. మౌనిక ఒకే వరసలో రెండూ రాసింది. బండను నేల మీదే ఉంచి నిర్మలమ్మ చెక్కింది. ముందు అత్త కొడుకు, తర్వాత తన కూతురు. ఎండ పైకి వచ్చింది. ఎవరూ ఇంటికి పోలేదు. చెక్కడం అయ్యాక ఆరిఫ్, ఇంకో నలుగురూ బండను ఎత్తి ఐదో స్తంభం పక్కన గోడకు బిగించారు. చివరి వరస కూర్చుంటే అందేటంత ఎత్తులో వచ్చింది.

సంతోషమ్మకు చదువు రాదు. గోడ దగ్గరికి జరిగి కూర్చుని, ఆ వరస మీద అరచెయ్యి పెట్టి "ఇందులో మావాడు యాది మ్మా?" అని అడిగింది. నిర్మలమ్మ ఆమె చూపుడువేలు పట్టుకుని మొదటి పేరు మీద అక్షరం అక్షరం నడిపించింది. అక్కడ ఆపలేదు. పక్క పేరు మీద కూడా కొసదాకా నడిపించి, "ఇది నీ మనవరాలు" అంది.